ఎగ్జామినరు మావయ్య

పరీక్ష తప్పడానికి లోకంలో ఎన్నో రాజమార్గాలున్నాయి. చదవకుండా వెళ్ళొచ్చు. చదివింది మరిచిపోవచ్చు. హాల్‌టికెట్టు ఇంట్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి కూడా పోగొట్టుకోవచ్చు. కానీ అంతా చదివి, అంతా గుర్తుండి, అందరికంటే ముందే వెళ్ళి, కేవలం ఒక పెద్దమనిషికి మర్యాద చేసినందుకు పరీక్ష తప్పబోయిన మొనగాణ్ణి మా భిలాయిలో నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా చేశానో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. అప్పుడు నేను ఏడ్చాను కాబట్టి లెక్క సరిపోతుంది.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. ఈ కథలో పాపం సగం ఆవిడది, మిగతా సగం ఆవిడ కొడుకుని కాబట్టి నాకు వచ్చింది. మా అమ్మ రాజాం పక్క పల్లెలో పుట్టి, మా నాన్నను చేసుకుని భిలాయి వచ్చింది. నాన్నకు స్టీలు ప్లాంటులో రైలు పట్టాలు చేసే చోట ఉద్యోగం, సెక్టర్ సెవెన్‌లో క్వార్టరు. ఊరు విడిచి అంత దూరం వచ్చినవాళ్ళకు అన్నీ దొరుకుతాయి గానీ చుట్టాలు దొరకరు. ఆ కరువును మా అమ్మ ఒంటిచేత్తో తీర్చేసింది. ఆస్పత్రి లైన్లో నిలబడితే ఒక వదినను వెంటబెట్టుకుని వచ్చేది. బజారుకు వెళితే కొత్తిమీర మరిచిపోయేది గానీ ఒక పిన్నిని మాత్రం తప్పకుండా తెచ్చేది.

ఆవిడ పద్ధతి చాలా సులువు. "మీదేటమ్మా ఊరు?" అని మొదలుపెట్టేది. తర్వాత "ఇంటిపేరేటి?" ఆ తర్వాత "మీ తాతగారి పేరేటి?" అంతే. ఆ మూడో ప్రశ్న దాటి పరాయివాడిగా బయటపడ్డ తెలుగువాణ్ణి నేను చూడలేదు. చిన్నప్పటినుంచీ ఆవిడ కొంగు పట్టుకుని తిరిగినందుకు ఆ విద్య నాకూ అబ్బింది. నాకు తెలుగు కంటే హిందీ బాగా వచ్చేది గానీ, వరస కలపడంలో మాత్రం నా తెలుగు పండితుల తెలుగులా పరిగెత్తేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెబితే దాచానంటారు. మా ఇంట్లో గుమ్మడికాయ కోయరు. కోయడం కాదు, గుమ్మం దాటి లోపలికి రానివ్వరు. అది నాన్నవైపు ఆనవాయితీ కాదు, అమ్మ పుట్టింటివాళ్ళది. పెళ్ళయ్యాక అత్తింటి ఆనవాయితీ పాటించాలంటారు. మా అమ్మ తన సామానంతా వదిలి వచ్చింది గానీ గుమ్మడికాయ భయాన్ని మాత్రం రైలెక్కించి తెచ్చింది. ఎందుకమ్మా అంటే, "మాకు అచ్చిరాదు. అంతే, ఇంక అడక్కు" అనేది. గుమ్మడికాయ పులుసంటే ప్రాణం పెట్టే మా నాన్న, ప్లాంటు క్యాంటీనులో కద్దూ పేరుతో అదే గుమ్మడికాయ కూర చేస్తున్నారని తెలిస్తే పక్కవాడి షిఫ్టు కూడా తనే చేసి వచ్చేవాడు.

తొంభైల చివరి రోజులవి. మా కాలేజీలో బయోఇన్ఫర్మాటిక్స్ అని కొత్త పేపరు పెట్టారు. జీవశాస్త్రాన్ని కంప్యూటరు సాయంతో చదవడం అన్నమాట. నేను చేరతానన్నాను.

"జీవానికి కంప్యూటరెందుకురా?" అన్నాడు నాన్న.

"రక్తంలో ఉండే పదార్థాల్ని అక్షరాల్లాగ రాసి, మనిషికీ మేకకీ పోల్చి చూస్తారు నాన్నా. రక్తం ఎర్రగా ఉండేది కూడా అందులో ఉన్న ఇనుము వల్లే."

"రక్తంలో ఇనుమున్నాదేటి?" నాన్న లేచి కూర్చున్నాడు. "మన ప్లాంటుదేనా?"

ఇనుము పేరు వినగానే మెత్తబడ్డాడు గానీ, షరతు మాత్రం గట్టిగా పెట్టాడు. "సరే, చదువు. కానీ ఒక్క పేపరు తప్పినా ఉతై పోయి మీ చిన్నాన్న గోడౌన్లో కూకోవాల. తెలిసిందా?" మా చిన్నాన్నకు ఉతైలో సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే వ్యాపారం. వెదురు బొంగులు, ఇనప రేకులు, వాటి కింద కాపురం చేసే తేళ్ళు. నాకు ఆ మూడూ ఇష్టం లేదు. పైగా ఈ చదువు నాకు నిజంగా నచ్చింది. అప్పటిదాకా ఏ పేపరునూ నేను ఇష్టపడి చదవలేదు, ఇది ఒక్కటే అలా దొరికింది.

మొదటిరోజు తివారీ మేడం కోర్సు నియమాలు చదివి వినిపించి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించింది. తలా రెండు ఫ్లాపీలు తెచ్చుకోవాలి, వాటిలో వైరసు ఉండకూడదు. ల్యాబు బయటే చెప్పులు విప్పాలి. సాక్సులు ఉతికినవై ఉండాలి అని కింద పెన్నుతో ప్రత్యేకంగా రాసింది, ఎవరిని చూసి రాసిందో మాకందరికీ తెలుసు. ప్రాజెక్టు ఇద్దరిద్దరు కలిసి చెయ్యాలి. బయాలజీ చదివినవాడికి లెక్కలు చదివినవాడు జత. ఇద్దరి మౌఖిక పరీక్షా కలిపే జరుగుతుంది, దానికి బయటి విశ్వవిద్యాలయం నుంచి ఎగ్జామినరు వస్తారు. ఆయనా మేడమూ విడివిడిగా మార్కులు వేస్తారు. అన్నిటికంటే చివర ఇంకో వాక్యం ఉంది. ఎగ్జామినరుకు చుట్టమైన విద్యార్థి జంటను ఆయన పరీక్షించకూడదు, వాళ్ళు మరో ఎగ్జామినరు వచ్చేదాకా ఆగాలి.

ఆ వాక్యం విని అందరికంటే గట్టిగా నవ్విందెవరో చెప్పుకోండి. "భిలాయిలో ఉన్న మనకి ఎక్కడినుంచో వచ్చే ఎగ్జామినరు చుట్టమెలా అవుతాడు?" అని పక్కవాడి వీపు చరిచి మరీ నవ్వాను.

"ఇవి నియమాలు," అంది మేడం. "ఇక నేను మీనుంచి ఆశించేది ఒక్కటే. రెండు వస్తువులు ఒకేలా కనబడగానే గంతులెయ్యకండి. ముందు అడగండి. రిష్తా హై, యా ఇత్తెఫాక్? అది చుట్టరికమా, లేక ఏదో అలా కలిసిందా?"

ఆ ప్రశ్నను ఆవిడ రోజూ అడిగేది. హాజరు పిలిచేటప్పుడు ఇద్దరు ఒకేసారి దగ్గితే కూడా అదే అడిగేది.

నాకు జతగా దీపక్ సాహు దొరికాడు. లెక్కల్లో దిట్ట, జీవశాస్త్రంలో కోడికీ కోడిగుడ్డుకీ తేడా తెలియనివాడు. ల్యాబులో కంప్యూటర్లు తక్కువ కాబట్టి మేడం ముందు మాచేత గ్రాఫు కాగితం మీద చేయించేది. మనిషి రక్తంలోని ప్రొటీను అక్షరాలు పైన అడ్డంగా, మేకవి పక్కన నిలువుగా రాయాలి. రెండూ కలిసిన గడిలో చుక్క పెట్టాలి. చుట్టరికం ఉంటే చుక్కలన్నీ వరసగా ఏటవాలు గీతలా వస్తాయి, లేకపోతే చల్లిన ఆవాల్లా ఉంటాయి. కొన్ని అక్షరాలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, అవి కలిస్తే పెద్ద విశేషం కాదు. ట్రిప్టోఫాన్ లాంటివి అరుదు, అవి కలిస్తే గట్టి సాక్ష్యం. అనుమానంగా ఉంటే ఒక వరసను పేకముక్కల్లా కలిపేసి మళ్ళీ పోల్చాలి. కలిపేసిన దానితో కూడా అన్నే చుక్కలు వస్తే ముందు వచ్చింది కూడా ఉత్తదే.

ఇదంతా నేను చక్కగా నేర్చుకున్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఈ విద్య మనుషులకు కూడా పనికొస్తుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

మౌఖిక పరీక్షరోజు వచ్చింది. మేడం నన్ను పిలిచి, "సూర్యా, ఎగ్జామినర్ విశాఖపట్నం నుంచి వస్తున్నారు. తెలుగువారు. నువ్వు దుర్గ్ స్టేషనుకు వెళ్ళి తీసుకురా" అంది. అప్పుడు నేను ఒక్క క్షణం ఆ నోటీసు బోర్డువైపు చూసుంటే ఈ కథే ఉండేది కాదు. దీపక్ మాత్రం, "భాయ్, దారిలో చుప్‌చాప్ కూర్చో. ఏమీ మాట్లాడకు" అని చెప్పి పంపించాడు. వాడికి జ్యోతిషం కూడా వచ్చేమో.

రైలు దిగిన ఎగ్జామినరు జగన్నాథరావు గారు సన్నగా, పొడుగ్గా, చొక్కాతోపాటు మొహం కూడా ఇస్త్రీ చేయించుకున్నట్టున్నారు. ఆటోలో ఎక్కి కళ్ళు మూసుకున్నారు. నేను దీపక్ చెప్పినట్టే నోరు మూసుకున్నాను. దుర్గ్ పొలిమేర దాటేదాకా మూసుకున్నాను. ఆ తర్వాత మా అమ్మ రక్తం ఊరుకోనివ్వలేదు.

"తమరిదే ఊరండీ?"

"విశాఖపట్నం," అన్నారు కళ్ళు తెరవకుండా.

"అది ఉద్యోగం ఊరు కదండీ. అసలు ఊరు?"

ఆయన ఒక కన్ను తెరిచారు. "రాజాం దగ్గర."

నా గుండె ఆటోకంటే వేగంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. "ఇంటిపేరండీ?"

"పొట్నూరు."

"ఓరి బాబో! మా అమ్మ పుట్టింటివాళ్ళు కూడా పొట్నూరోళ్ళేనండి! అదీ రాజాం పక్కనే!"

రెండో కన్ను కూడా తెరుచుకుంది. నేను ఊపిరి బిగబట్టి మూడో ప్రశ్న వదిలాను. "మీ తాతగారి పేరండీ?"

"అప్పలస్వామి."

"మా అమ్మ తాతగారి పేరూ అప్పలస్వామేనండి!"

ఆయన నావైపు పూర్తిగా తిరిగారు. "మీ అమ్మ పేరేటి?" అన్నారు. ఆ 'ఏటి' వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. విశాఖపట్నం ప్రొఫెసరు ఎక్కడో దారిలో దిగిపోయి, ఆయన స్థానంలో రాజాం మనిషి వచ్చి కూర్చున్నాడు.

"రత్నాలండి."

"రత్నాలు, రత్నాలు..." ఆయన గడ్డం గోక్కున్నారు. "సరిగ్గా గుర్తు రావట్లేదు గాని, మా పెద్దోళ్ళ అన్నదమ్ముల బిడ్డ అయ్యుంటాది. అయితే నువ్వు నాకు మేనల్లుడివి అవుతావేటి!"

"మావయ్యగారూ!" అంటూ నేను ఆటోలోనే ఆయన కాళ్ళకు మొక్కబోయాను. సరిగ్గా అప్పుడే ఆటో గుంతలో పడింది, నా తల ఆయన మోకాలికి తగిలింది. దీవెన ఇద్దరికీ గట్టిగానే తగిలింది.

అంతటితో ఆగినా బాగుండేది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడు కూడా ఒక్క కొమ్మతో ఆగుతాడు, నేను చెట్టంతా నరికాను. ఆటోవాడికి చెప్పి బండిని సెక్టర్ సెవెన్ మీదుగా, మా క్వార్టరు ముందునుంచి పోనిచ్చాను. అమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"అమ్మా! మావయ్య వచ్చారే!"

"ఏ మావయ్యరా?"

"పొట్నూరు మావయ్య! రాజాం! కాలేజీకి తీసుకెళ్తున్నా!"

వెనక్కి చూస్తే, అమ్మ తడిబట్ట చేత్తో పట్టుకునే వంటింట్లోకి పరిగెడుతోంది.

కాలేజీలో దిగగానే మేడం ఎదురొచ్చింది. నేను ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, పెళ్ళికొడుకు తమ్ముడిలా ముందు నడిచి, "మేడం, యే హమారే మామాజీ హై!" అని ప్రకటించాను.

మేడం మొహంలో చిరునవ్వు వచ్చినదారినే వెళ్ళిపోయింది. "మామాజీ? నిజంగానా?"

"బిల్కుల్ మేడం! అమ్మ పుట్టింటివాళ్ళు. ఇంటిపేరూ ఊరూ అన్నీ కలిశాయి. కావాలంటే ఆయన్నే అడగండి."

మేడం నోటీసు బోర్డువైపు చూసింది. మావయ్యగారూ చూశారు. ఆఖరున నేనూ చూశాను. చివరి వాక్యం నావైపు చూస్తోంది.

జగన్నాథరావు గారి మొహానికి మళ్ళీ ఇస్త్రీ పడింది. "రూలు రూలే," అన్నారు. "ఈ అబ్బాయి జంటను నేను పరీక్షించకూడదు. వచ్చే టర్ములో ఇంకొకరు వచ్చినప్పుడు చూసుకోండి."

దీపక్ చేతిలోని గ్రాఫు కాగితాలు జారిపోయాయి. "మామా తేరా, ఔర్ ఫేల్ మై?" అన్నాడు. మావయ్య నీకైతే నేనెందుకు తప్పాలని వాడి బాధ. న్యాయమైన బాధే. మా అమ్మ పుట్టింటివాళ్ళు వాడికేమవుతారు?

నాకైతే కళ్ళముందు ఉతై కనబడింది. వెదురు బొంగులు, రేకులు, తోకలెత్తి స్వాగతం పలుకుతున్న తేళ్ళు. చుట్టమై వచ్చి దయ్యమై పట్టాడంటారు కదా, ఇక్కడ ఆ చుట్టం దయ్యాన్ని నేనే స్టేషనుకెళ్ళి, సంచీ మోసి తెచ్చుకున్నాను.

"సర్," అన్నాను, "మీరు నాకు మావయ్య కారండీ."

"ఇందాక ఆటోలో కాళ్ళకి మొక్కావు కదా?"

"అది కుదుపండి."

మేడం నావైపు తిరిగింది. కోపంగా ఉందో, నవ్వు ఆపుకుంటోందో ఈనాటికీ నాకు తెలియదు. "సూర్యా, మొత్తం కోర్సులో నేను నిన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. రిష్తా హై, యా ఇత్తెఫాక్? మిగతావాళ్ళ పరీక్ష అయ్యేలోపు తేల్చి చెప్పు. చుట్టరికానికి సాక్ష్యం లేదని సర్‌ను ఒప్పించగలిగితే ఆయన కూర్చుంటారు. లేకపోతే వచ్చే టర్ము."

మనుషులు చుట్టరికం కలుపుకోవడానికి తిప్పలు పడతారు. నేనూ దీపకూ వరండాలో కూర్చుని కలిపిన చుట్టరికాన్ని విప్పడానికి తిప్పలు పడ్డాం. వాడు అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి.

"ఏమేం కలిశాయి?"

"ఊరు, ఇంటిపేరు, తాత పేరు."

"ఊరు ఒకటేనా?"

"ఒకటే కాదు. రాజాం పక్క."

"మీ వాళ్ళలో రాజాం పక్క కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆలోచించాను. మా అమ్మ కలిపిన చుట్టాలందరూ రాజాం పక్కనో, బొబ్బిలి పక్కనో. అసలు రాజాంలోనే పుట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"అప్పలస్వాములు ఎంతమంది?"

"ఇంటికొకరు. కొన్ని ఇళ్ళలో పెద అప్పలస్వామి, చిన అప్పలస్వామి కూడా ఉంటారు."

దీపక్ కళ్ళు మెరిశాయి. "అరే, ఇవన్నీ ఎక్కడపడితే అక్కడ దొరికే అక్షరాలే కదా! ట్రిప్టోఫాన్ ఒక్కటీ లేదు. చల్, ఇంకొకడితో పోల్చి చూపిద్దాం."

మా వంతు రాగానే నల్లబల్ల మీద ఒకపక్క నా వంశం, ఇంకోపక్క ఆయన వంశం రాసి, కలిసినచోట చుక్కలు పెట్టాను. ఆ సమయానికే క్యాంటీను వెంకట్రావు బాబాయి టీ పట్టుకుని వచ్చాడు. మీసాలు నెరిసిన మనిషి. నేను ఆయన్ను ఆపాను.

"బాబాయ్, నీదే ఊరు?"

"రాజాం పక్కన బాబూ."

"మీ తాత పేరేటి?"

"అప్పలస్వామి."

"పొట్నూరోళ్ళు ఎవరైనా తెలుసా?"

"మా అమ్మ పుట్టినోళ్ళే పొట్నూరోళ్ళు! ఏటి బాబూ, ఎందుకు?"

"చూశారా సర్," అన్నాను ఎగ్జామినరువైపు తిరిగి. "ఇదే పద్ధతిలో లెక్కేస్తే వెంకట్రావు కూడా మీకు మేనల్లుడే."

వెంకట్రావు టీ ట్రే బల్లమీద పెట్టేశాడు. "ఓలమ్మ! మావయ్యా!" అని ఆయన కాళ్ళమీద పడ్డాడు.

జగన్నాథరావు గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "లే, లే! నాకన్నా పెద్దోడివి, నాకు మేనల్లుడివేటి!"

"భిలాయిలో ఏ తెలుగువాణ్ణి తెచ్చినా ఇన్ని చుక్కలూ వస్తాయి సర్," అన్నాను. "ఆఖరికి దీపక్ కూడా మీ చుట్టమే, వాళ్ళ పక్క క్వార్టరువాళ్ళు పొట్నూరోళ్ళు. అందరికీ కలిసేది సాక్ష్యం కాదు. ఇది ఇత్తెఫాక్."

ఆయన నల్లబల్లవైపు చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వారు. ఇస్త్రీ అంతా పోయింది. "ఈ కోర్సులో ఆశించేది ఇదేనయ్యా. కూర్చోండి ఇద్దరూ." ఆ తర్వాత మనిషి, మేక, కోడి, అన్నీ అడిగారు. అన్నిటికీ చెప్పాం. ఆయన ధారాళంగా వేసిన మార్కుల్ని బల్లకు ఇవతలినుంచి తలకిందులుగానే చదివేశాను. మేడం తన మార్కు తను వేసింది, ఆవిడ చెయ్యి ఎప్పుడూ బిగుతే. నా కళ్ళముందు ఉతై మాయమైంది. చుట్టరికాన్ని తెంచినందుకు అంత సంతోషించినవాడు మా వంశంలో ఇంకెవడూ ఉండడు.

కథ ఇక్కడితో అయిపోతే నేను తెలివైనవాణ్ణి అయ్యేవాణ్ణి.

మధ్యాహ్నం ఎగ్జామినరుగారికి ల్యాబు పక్కగదిలో క్యాంటీను భోజనం పెట్టారు. కొత్త మేనల్లుడు వెంకట్రావు స్వయంగా వడ్డిస్తున్నాడు. మార్కుల కాగితాలు బల్ల మీదే ఉన్నాయి, కవరులో పెట్టి అంటించడం ఒక్కటే తరువాయి. అప్పుడు గుమ్మంలో ప్రత్యక్షమైంది మా అమ్మ. పట్టుచీర, చేతిలో అయిదు గిన్నెల క్యారియరు, వెనక రిక్షావాడి చేతిలో ఇంకో క్యారియరు.

"అన్నయ్యా! ఎన్నాళ్ళకి చూసేను! ఇదేటి, హోటలు కూడు తింటన్నావు! సెల్లి లేదనుకున్నావేటి?"

నేను ఎగిరి అడ్డం పడ్డాను. "అమ్మా, ఆయన మన చుట్టం కాదే! ఇప్పుడే రుజువు చేశాం!"

"ఎవుడ్రా రుజువు చేసినోడు?"

"నేనే."

"నిన్ను కన్నది నాను. నా పుట్టినోళ్ళు కాదనడానికి నువ్వెవుడివిరా?" అని నన్ను పక్కకు నెట్టి క్యారియరు మూత తీసింది. కోడికూర వాసనకు తివారీ మేడం కూడా ఒకడుగు ముందుకు వేసింది. ఆవిడ శాకాహారి.

జగన్నాథరావు గారు ఇబ్బందిగా నవ్వారు. "లేదమ్మా, మీ అబ్బాయి బాగానే చెప్పాడు. ఊరికే పేర్లు కలిశాయి, అంతే." అమ్మ మొహం చిన్నబోయింది. నేను మార్కుల కాగితం చూసుకుని గుండె రాయి చేసుకున్నాను.

ఇంతలో వెంకట్రావు ఆయన పళ్ళెంలోకి చూసి, "మావయ్యా, కద్దూ అలాగే వదిలీసారేటి? బాగులేదా?" అన్నాడు.

"అది కాదు. మా ఇంట గుమ్మడికాయ ఆనవాయితీ లేదు. ముట్టం."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారంటారు. ఆ గదిలో నిజంగానే నా చెయ్యి నా భుజం మీదికి వెళ్ళింది.

"ఎందుకు లేదు?" అంది అమ్మ నెమ్మదిగా.

"ఏదో పాత కథలెమ్మా. మా ముత్తాత సెల్లి పెళ్ళికి పులుసులోకని, పూరింటి కప్పెక్కి గుమ్మడికాయ కోయబోయాడట. కప్పు ఇరిగి..."

"...కాయతో సహా కిందన భోజనాల బంతిలో పడ్డాడు," అంది అమ్మ.

ఆయన అమ్మవైపు చూశారు. "పడింది ఎవుడి ఒళ్ళోనంటే..."

"...పెళ్ళికొడుకు తాత ఒళ్ళో!"

"ఆ ముసలోడి పన్ను..."

"...పాయసంలో పడ్డాది!"

"పాయసంలోనే! ఓలమ్మ, నువ్వు మా పెదనాన్న కూతురు రత్నాలివి! బెల్లం దొంగవి!"

"జగ్గన్నయ్యా!" అంటూ అమ్మ గరిటెతో సహా ఏడ్చేసింది. ఆయన కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చిన్నతనంలోనే వాళ్ళ నాన్న పని వెతుక్కుంటూ కుటుంబంతో ఊరొదిలేస్తే, ఆయన మళ్ళీ ఆ ఊరివైపు రానే లేదట. వెంకట్రావు ఎవరూ అడక్కుండానే ఏడుస్తున్నాడు. దీపక్ నా చొక్కా లాగి ఏం జరుగుతోందని అడిగితే, గుమ్మడికాయ, ముత్తాత, పన్ను, పాయసం అన్నీ హిందీలో చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు.

"ట్రిప్టోఫాన్," అన్నాడు.

జగన్నాథరావు గారు అన్నం చేత్తోనే లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, మార్కుల కాగితం తీసి, నా పేరు ఎదురుగా తను వేసిన మార్కును నిలువునా కొట్టేశారు. "క్షమించు మేనల్లుడా. రూలు రూలే."

"మేడం!" అని మొరపెట్టుకున్నాను. "చుట్టరికం లేదని నిరూపించాం కదా!"

"లేదని నువ్వెక్కడ నిరూపించావు?" అంది మేడం. "సాక్ష్యం లేదని చూపించావు, అంతే. ఆ రెంటికీ తేడా ఉంది. అదీ సిలబసులోనే ఉంది." అని నా కాగితం చూసి నిట్టూర్చింది. "పరీక్ష ఎలాగూ అయిపోయింది, ఎవరూ తెలిసి తప్పు చెయ్యలేదు. చుట్టం నువ్వే కాబట్టి నీకొక్కడికే సర్ మార్కు తీసేసి నా మార్కు ఒక్కటే లెక్క వేస్తాను. పాసవుతావు. అంచు పట్టుకుని పాసవుతావు."

దీపక్‌కు మాత్రం రెండు మార్కులూ ఉన్నాయి, వాడికి రాజాంలో ఎవరూ లేరు కదా. కాలేజీలో మొదటివాడిగా వచ్చాడు. మిఠాయి పెట్టె తీసుకుని ముందు మా ఇంటికే వచ్చి, అమ్మ కాళ్ళకు మొక్కి, "ఆప్‌కే భాయీ కీ కృపా," అన్నాడు. మీ అన్నగారి దయ అట.

మావయ్య ఆ సాయంత్రం మా క్వార్టరులోనే ఉండి మర్నాడు రైలెక్కారు. నాన్న షిఫ్టు నుంచి వచ్చి, "పాసా?" అని ఒక్క మాట అడిగాడు. పాసే అన్నాను. "అయితే ఉతై లేదు," అని సంచీ తగిలించి, బావగారి పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"బావా, మీ రూళ్ళ సంగతి మావోడు సెప్పేడు. నాకో డౌటు. ఆ గుమ్మడికాయ రూలు మరి నాకు కూడా ఉన్నాదేటి?"

మావయ్య గంభీరంగా ఆలోచించారు. "కప్పు మీంచి పడింది పొట్నూరోడు. నువ్వు పొట్నూరోడివా?"

"కాను."

"మరింకేటి? ఆనవాయితీ మాది. బావ తినొచ్చు. సెల్లీ, ఇన్నావా? వండి పెట్టు, నువ్వు మాత్రం ముట్టకు."

పుట్టింటి అన్న మాట కాబట్టి అమ్మ కాదనలేకపోయింది. ఆ మర్నాడు మావయ్య రైలెక్కిన తర్వాత, మా ఇంటి చరిత్రలో మొదటిసారి గుమ్మడికాయ పులుసు కాగింది. నాన్న మూడుసార్లు వడ్డించుకుని, చెయ్యి నాక్కుని, నావైపు ఎంతో ప్రేమగా చూసి, "మంచి కోర్సురా ఇది. ఇలాటిదే ఇంకోటి ఉంటే అందులో కూడా చేరిపో," అన్నాడు. మా ఇంట్లో ఆ పరీక్ష డిస్టింక్షనులో పాసైంది ఆయనొక్కడే.

నేను మాత్రం ఆ పులుసు గిన్నె మీద చెయ్యిపెట్టి, తూర్పుకు తిరిగి, సెక్టర్ సెవెన్ సాక్షిగా శపథం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరినీ ఊరు అడగను, ఇంటిపేరు అడగను, ఎవరితోనూ వరస కలపను. ఒకవేళ నోరాగక కలపాల్సి వచ్చినా మార్కులు పడ్డ తర్వాతే కలుపుతాను. అదీ ముందు కద్దూ కూర వడ్డించి, తింటాడో లేదో చూసుకున్నాకే!